సహజ ఆవాసాల్లో గూడబాతులను (పెలికాన్లను) గంటల తరబడి చూసేవారు అసలు ఏం చూస్తారు?

ప్రశ్న: చిరుపిట్ట

నమస్కారం. పక్షులను గమనించడం నాకు కొత్త కాదు. పొదల్లో దాగి పాడే చిన్న పిట్టల కోసం, బురద నేలల్లో తిరిగే ఉల్లంకుల కోసం ఎంతసేపైనా వేచి ఉండటం నాకు అలవాటే. గూడబాతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఓపిక ఎందుకో త్వరగా తరిగిపోతోంది. అవి భారీ పక్షులు, బాహాటంగా కూర్చుంటాయి, తొలిచూపులోనే గుర్తుపట్టవచ్చు. వెతుకులాటలో ఉండే ఉత్కంఠకు ఇక్కడ తావే లేదు. కాసేపు చూసేసరికి ఇక చూడవలసింది ఏమీ లేదనిపిస్తుంది. అయితే నాకు తెలిసిన అనుభవజ్ఞులు కొందరు ప్రతి ఋతువులోనూ అదే సరస్సుకు వెళ్లి, ఉదయమంతా ఆ గట్టు మీదే కూర్చుని, ఎంతో తృప్తిగా తిరిగి వస్తారు. వారు చూస్తున్నదేమిటో, నేను చూడలేకపోతున్నదేమిటో తెలుసుకోవాలని ఉంది. ఏ వేళకు వెళ్లాలి, ఏ పనిని గమనించాలి, ఎంత దూరంలో ఉండాలి అన్నవి వివరంగా చెప్పగలరా?

మరొక చిన్న సందేహం కూడా ఉంది. ఈ మధ్య ఒక గూడబాతు ముక్కును మెడ మీదికి దించి, గొంతు సంచిని మెడ చుట్టూ తిరగేసి లాగడం చూశాను. లోపలి వెన్నెముక బయటికి పొడుచుకువస్తున్నట్లుగా కనిపించింది. అది ఏదైనా జబ్బా?

జవాబు: కొలనుగట్టు

చిన్న పిట్టల విషయంలో పక్షి కంటబడటంతో సగం ఆనందం తీరిపోతుంది. గూడబాతుల విషయంలో పక్షి కనిపించిన తరువాతే అసలు పని మొదలవుతుంది. రోజుకు కావలసిన ఆహారాన్ని కొద్ది గంటల్లోనే సంపాదించుకోగల పక్షి కనుక మిగిలిన పొద్దంతా అది ఈకలు సవరించుకుంటూ, ముక్కును వీపు మీద ఆనించి నిద్రపోతూ గడుపుతుంది. ఆ వేళకు వెళ్లినవారికి గట్టు మీద తెల్లని మూటలు పేర్చినట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి నా మొదటి సలహా, అవి వేటాడే వేళను పట్టుకోండి. సాధారణంగా తెల్లవారిన తరువాతి గంటలు, సాయంకాలం అందుకు అనువైనవి.

ప్రపంచంలో ఉన్న 8 జాతుల గూడబాతుల్లో పెద్ద తెల్ల గూడబాతు, అమెరికా తెల్ల గూడబాతు గుంపుగా వేటాడటంలో పేరు పొందినవి. గుంపులోని పక్షులు నీటిపై అర్ధచంద్రాకారంగా బారు తీరి, లోతు తక్కువ ఉన్న వైపుకు చేపలను తరుముకుంటూ ఈదుతాయి. కొన్ని రెక్కలతో నీటిని కొడతాయి. బారు క్రమంగా దగ్గరికి ముడుచుకుంటుంది, ఆ తరువాత ఒక్కసారిగా ముక్కులన్నీ నీటిలో మునుగుతాయి. మళ్లీ లేస్తాయి, కొంత ముందుకు కదులుతాయి, మళ్లీ మునుగుతాయి. ఎవరు సైగ చేశారో తెలియకుండానే అన్నీ ఒకే లయలో సాగుతాయి. గుంపు మొత్తాన్ని ఒకసారి చూసిన తరువాత, బారు చివరన ఉన్న ఒక్క పక్షిని ఎంచుకుని, దాన్ని వదలకుండా బైనాక్యులర్‌తో అనుసరించి చూడండి. చివరి పక్షికి పని ఎక్కువ. తప్పించుకునే చేపలు అటునుంచే జారుకుంటాయి కనుక అది తరచూ లోపలికి మలుపు తిరుగుతూ, వెనకబడుతూ, మళ్లీ వేగంగా వచ్చి కలుస్తూ ఉంటుంది.

ఇక ముక్కు పనితీరును గమనించాలంటే కొంత ఓపిక కావాలి, కానీ నా దృష్టిలో గూడబాతును చూడటంలోని అసలు రుచి అక్కడే ఉంది. ముక్కు నీటిలో మునిగినప్పుడు కింది దవడలోని రెండు సన్నని ఎముకలు ఇరుపక్కలకూ విల్లులా వంగి, వాటి మధ్య ఉన్న చర్మపు సంచి వెడల్పుగా విచ్చుకుంటుంది. తల పైకెత్తగానే ఆ ఎముకలు దగ్గరికి వచ్చి, పై దవడ మూతలా కప్పుకుంటుంది. అప్పుడు సంచిలో చేపతో పాటు బోలెడంత నీరు కూడా ఉంటుంది. అమెరికా తెల్ల గూడబాతు సంచిలో సుమారు 11 లీటర్ల నీరు పడుతుందని చెబుతారు. ఆ నీటి బరువు చాలావరకు పక్షి బరువు కంటే కూడా ఎక్కువ. అందువల్ల అది తల పూర్తిగా ఎత్తలేదు, ఎగరలేదు, మింగనూ లేదు. ముక్కును రొమ్ముకు ఆనించి, కొనను కిందికి దించి, నీరంతా పక్కల నుండి కారిపోయేదాకా ఆగవలసిందే. ఆ తరువాతే తల వెనక్కి విసిరి చేపను మింగుతుంది. ఈ కాస్త వ్యవధిలోనే గల్ పక్షులు వచ్చి దోపిడీకి దిగుతాయి. గోధుమవర్ణపు గూడబాతుల విషయంలోనైతే అవి ఏకంగా తల మీదే వాలి, సంచి తెరుచుకునే క్షణం కోసం కాచుకుని ఉంటాయి. సంచిలో చేపలను దాచుకుని మోసుకుపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది కానీ, అది చేదుకోవడానికి పనికివచ్చే సాధనమే తప్ప దాచుకునే చోటు కాదు. తల విసిరినప్పుడు సంచిలోంచి చేప ఆకారం గొంతులోకి జారడం వెలుతురు వెనక నుండి పడుతున్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

అన్ని జాతులూ ఇలా గుంపు కట్టవని కూడా గుర్తుంచుకోండి. భారతదేశంలోనూ శ్రీలంకలోనూ కంబోడియాలోనూ కనిపించే మచ్చల ముక్కు గూడబాతు తరచుగా ఒంటరిగానో చిన్న జట్లుగానో వేటాడుతుంది. డాల్మేషియన్ గూడబాతు నీటికాకులతో కలిసి చేపలు పట్టడం కనిపిస్తుంది. నీటికాకులు మునిగి చేపలను పైకి తరిమితే గూడబాతుకు లాభం. గూడబాతు పైన ఉంటే చెదిరిన చేపలు నీటికాకులకు చిక్కుతాయి.

జవాబు: గాలివాటు

పై జవాబులో నీటి సంగతి బాగా చెప్పారు. నేను గాలి సంగతి చెబుతాను, ఎందుకంటే నేలమీద అడుగు తీసి అడుగు వేయడానికి ఇబ్బంది పడే ఈ పక్షి గాలిలోకి లేచిన తరువాత పూర్తిగా వేరే ప్రాణిగా మారిపోతుంది.

ముందుగా అది నీటి మీది నుండి లేవడం చూడండి. గూడబాతు పాదంలోని నాలుగు వేళ్లనూ కలుపుతూ చర్మం ఉంటుంది. ఎగరబోయే ముందు అది రెండు పాదాలతో ఒకేసారి నీటిని తన్నుతుంది కనుక నీటి మీద జంట చిందులు వరుసగా పడతాయి. బాతుల్లాగా ఒక కాలు తరువాత మరొక కాలు వేస్తూ పరుగెత్తదు. నాలుగైదు తన్నులకే అంత పెద్ద శరీరం గాలిలోకి తేలుతుంది. డాల్మేషియన్ గూడబాతు రెక్కలు చాచినప్పుడు ఈ చివర నుండి ఆ చివరకు ఇంచుమించు 3 మీటర్లు ఉంటుంది. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో అదొకటి. అయినా ఎముకల్లోనూ చర్మం కిందా గాలి నిండి ఉండటం వల్ల శరీర పరిమాణంతో పోలిస్తే అది తేలికైనదే. నీటిపై అది పైపైన తేలుతున్నట్లు కనిపించడానికి కూడా కారణం ఇదే.

దూరప్రయాణానికి మాత్రం గూడబాతులు తొందరపడవు. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైన తరువాత, అంటే ఉదయం కొంత ముదిరిన తరువాత, ఆ వేడిగాలి ఆసరాతో రెక్క కదపకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. పక్షులను చూసేవారు చాలామంది తెల్లవారుజామున వచ్చి ఎండ ఎక్కగానే తిరుగుముఖం పడతారు. ఈ దృశ్యం వారికి దక్కదు. పెద్ద తెల్ల గూడబాతుల రెక్కల అంచు ఈకలు నల్లగా, మిగిలిన శరీరం తెల్లగా ఉంటుంది కనుక గుంపు ఒక పక్కకు ఒరిగినప్పుడు నలుపు, మరో పక్కకు తిరిగినప్పుడు ఎండలో తళుక్కుమనే తెలుపు కనిపిస్తాయి. తెల్లని మబ్బు ముందు తిరుగుతుంటే గుంపులో సగం మాయమై, మరుక్షణం మళ్లీ ప్రత్యక్షమైనట్లు అనిపిస్తుంది. అంత ఎత్తులో వాటిని కొంగలనుకుని పొరబడకుండా ఉండటానికి ఒక సులువు ఉంది: ఎర్రకాళ్ల కొంగ వంటివి మెడ ముందుకు చాచి ఎగురుతాయి, గూడబాతు మెడను వెనక్కి మడిచి తలను భుజాల మధ్యకు లాక్కుంటుంది.

ఒకదాని వెనక ఒకటిగా బారులో ఎగిరేటప్పుడు ముందున్నది రెక్కలు ఆడించి ఆపితే, దాని వెనకది ఆడిస్తుంది, ఆ వెనకది ఆడిస్తుంది; రెక్కల కదలిక బారు పొడవునా అలలా పారడం చూస్తారు. ఈ బారులో నిజంగా శ్రమ తగ్గుతుందా అన్న విషయాన్ని పెద్ద తెల్ల గూడబాతులకు శిక్షణ ఇచ్చి, వాటి గుండె వేగాన్ని కొలిచి చూశారు. బారులో ఎగిరే పక్షుల గుండె వేగం ఒంటరిగా ఎగిరే వాటి కంటే పదో వంతుకు పైగా తక్కువగా ఉందని 2001లో ప్రచురితమైంది. బారులో ఉన్న పక్షులు తరచుగా రెక్కలు ఆపి జారగలగడం దీనికి ఒక కారణం. నీటికి జానెడు ఎత్తులో రెక్కలు చాచి జారిపోయేటప్పుడు కూడా ఇలాంటి లాభమే ఉంది, ఎందుకంటే నీటి ఉపరితలం దగ్గరగా ఉన్నప్పుడు రెక్క కొనల వద్ద ఏర్పడే సుడులు అణిగి, గాలి నిరోధం తగ్గుతుంది.

జవాబు: బైనాక్యులర్ బాబాయి

చిరుపిట్ట గారి రెండో సందేహానికి: అది జబ్బు కాదు. సంచి చర్మం మెత్తగా, సాగే గుణంతో ఉండటానికి గూడబాతులు దానిని అప్పుడప్పుడు ఇలా సాగదీస్తాయి. ఒక్కోసారి ముక్కును ఆకాశం వైపు నిలువుగా ఎత్తి ఆవులించినట్లుగా చేస్తాయి, మరొకసారి ముక్కును రొమ్ముకు దించి సంచిని మెడ మీద తిరగేస్తాయి. మీకు వెన్నెముకలా కనిపించింది పలుచని సంచి చర్మం వెనక నుండి పొడుచుకువచ్చిన దాని మెడే. ఆ చిత్రాలు చూసి భయపడి రాసేవారు ప్రతి ఏటా ఇక్కడికి వస్తూనే ఉంటారు. అలాగే ఎండవేళ నోరు తెరిచి సంచిని గబగబా అదిలిస్తుంటే అది ఆయాసం అనుకోకండి. తడి చర్మం మీది నీరు ఆవిరై శరీరం చల్లబడటానికి అది చేసే పని.

జవాబు: గూటిలెక్క

గూళ్ల కాలం గురించి ఎవరూ రాయలేదు కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను. ఏడాదిలో ఒకే ఒక్కసారి వెళ్లే వీలుంటే నేను ఎంచుకునేది ఆ కాలాన్నే, కానీ బాగా దూరం నుండి.

పిల్లలను కనే కాలానికి ముందు పక్షుల రంగులు మారతాయి. డాల్మేషియన్ గూడబాతు సంచి నారింజ కలిసిన ఎరుపుకు తిరుగుతుంది. అమెరికా తెల్ల గూడబాతుకు పై ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె మొలుస్తుంది, గుడ్లు పెట్టిన తరువాత రాలిపోతుంది. మచ్చల ముక్కు గూడబాతు చెట్ల మీద గూళ్లు కడుతుంది. అంత భారీ పక్షి ఊగే కొమ్మ మీద వాలి నిలదొక్కుకోవడం చూడటమే ఒక వినోదం. మగపక్షి పుల్లలు తెచ్చి ఇస్తే ఆడపక్షి గూడు అల్లుతుంది. పక్క గూటి యజమాని కాస్త ఏమరుపాటుగా ఉంటే పుల్లలు అటునుండి ఇటు చేతులు మారడం కూడా కద్దు. పెద్ద తెల్ల గూడబాతు, అమెరికా తెల్ల గూడబాతు, ఆస్ట్రేలియా గూడబాతు నేల మీద, ఎక్కువగా దీవుల్లో, గూళ్లు పెడతాయి.

గుడ్లను పొదిగే తీరు వింతగా ఉంటుంది. చాలా పక్షులకు పొట్ట మీద ఈకలు రాలి, అక్కడి వెచ్చని చర్మం గుడ్లకు తగులుతుంది. గూడబాతుకు ఆ ఏర్పాటు లేదు. చర్మం కలిపిన తన వెడల్పాటి పాదాలతోనే అది గుడ్లకు వెచ్చదనం ఇస్తుంది. గత శతాబ్దం మధ్యకాలంలో డీడీటీ పురుగుమందు చేపల ద్వారా గోధుమవర్ణపు గూడబాతుల శరీరంలోకి చేరి గుడ్ల పెంకులు పలుచబడినప్పుడు, పొదిగే పక్షి బరువుకే గుడ్లు చితికిపోయాయి. అమెరికాలో 1972లో ఆ మందును నిషేధించారు. ఆ పక్షి క్రమంగా కోలుకోగా, 2009లో దానిని అక్కడి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితా నుండి పూర్తిగా తొలగించారు. సముద్రతీరంలో వాటి బారు సాగిపోవడం చూసేటప్పుడు ఈ సంగతి నాకు తప్పక గుర్తుకొస్తుంది.

పిల్లలు ఈకలు లేకుండా, కళ్లు తెరవకుండా పుడతాయి. కొంత ఎదిగిన తరువాత తల్లిదండ్రుల సంచిలోకి తల, మెడ మొత్తం దూర్చి ఆహారం తీసుకుంటాయి. మొదటిసారి చూసేవారికి పెద్దపక్షి పిల్లను మింగేస్తోందేమోనన్న భ్రమ కలుగుతుంది. పెద్దపక్షులు ఇంచుమించు మౌనంగా ఉంటాయి, గోలంతా పిల్లలదే. నేల మీద గూడు కట్టే జాతుల పిల్లలు కొంత నడక వచ్చాక పెద్ద మందగా ఒకచోట చేరతాయి. వేట నుండి వచ్చిన తల్లి అంత మందలోనూ తన పిల్లను వెతికి పట్టుకుని దానికే మేత పెడుతుంది. ఇందులో కఠినమైన పార్శ్వం కూడా ఉంది. తెల్ల గూడబాతుల గూట్లో రెండు పిల్లలు పుట్టినా చాలాసార్లు ముందు పుట్టినది రెండో దాన్ని వేధించి, మేత అందకుండా చేసి, అది చనిపోవడానికి కారణమవుతుంది. ఈ పక్షులను చూడటంలో ఆనందం అంటే ముచ్చటైన దృశ్యాలు మాత్రమే అనుకుని వచ్చేవారికి ఇది రుచించకపోవచ్చు.

దూరం గురించి అడిగారు. ఇన్ని మీటర్లు అని ఒక లెక్క చెప్పడం కంటే, పక్షి ప్రవర్తనను కొలతగా పెట్టుకోవడం మేలు. నిద్రపోతున్నవి తలలెత్తి మీ వైపు చూడటం మొదలుపెడితే అప్పటికే దగ్గరికి వచ్చేశారని అర్థం. గూళ్ల దగ్గర ఈ విషయంలో ఏమాత్రం ఉపేక్ష పనికిరాదు. పెద్దపక్షులు బెదిరి లేచిపోతే కాకులు, గద్దలు, గల్ పక్షులు గుడ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోతాయి. ఈకలు లేని పిల్లలను కాసేపటి ఎండ కూడా చంపగలదు. ఈ పక్షులకు మనుషుల నుండి రక్షణ కల్పించవలసిన అవసరాన్ని కొందరు చాలాకాలం క్రితమే గుర్తించారు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న పెలికాన్ దీవిని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1903లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ దేశ ప్రభుత్వం వన్యప్రాణుల కోసం ఏర్పరచిన రక్షిత ప్రాంతాల వ్యవస్థకు అదే నాంది. మన వైపు చూస్తే, పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో చెట్ల మీద పెద్ద గూళ్ల సముదాయాన్ని 1946లో పక్షిశాస్త్రవేత్త కె. కె. నీలకంఠన్ గుర్తించి లోకానికి తెలిపారు.

చిరుపిట్ట

అందరికీ ధన్యవాదాలు. ఇంత చూడవలసింది ఉందని ఊహించలేదు. మరి రెండు సంగతులు చెప్పగలరా? పడవల వాళ్లు చేపలు విసిరి గూడబాతులను దగ్గరికి రప్పించే చోట్లకు వెళ్లడం మంచిదేనా? ఎలాంటి సరంజామా అవసరం? ఏ జాతిని ముందుగా చూడాలన్నదానిపై మీలో ఎవరికైనా గట్టి అభిప్రాయం ఉంటే అది కూడా వినాలని ఉంది.

జవాబు: గాలివాటు

గట్టి అభిప్రాయం నాకుంది: అవకాశం దొరికితే గోధుమవర్ణపు గూడబాతు. ఇక్కడ అందరూ తెల్ల గూడబాతుల నెమ్మదితనాన్నే మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం అమెరికా ఖండాల సముద్రతీరాల్లో ఉండే ఈ పక్షి దూకుడే ఇష్టం. గాలిలో ఎగురుతూ చేపను చూసి, దాదాపు 20 మీటర్ల ఎత్తు నుండి కూడా రెక్కలు వెనక్కి ముడిచి తలకిందులుగా నీటిలోకి దూకుతుంది. దూకే క్షణంలో శరీరాన్ని ఎడమవైపుకు తిప్పుకుంటుంది. మెడకు కుడిపక్కన ఉండే శ్వాసనాళం, ఆహారనాళం దెబ్బతినకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుందని చెబుతారు. చర్మం కింది గాలి సంచులు దెబ్బను తట్టుకుని, పక్షిని వెంటనే పైకి తేలుస్తాయి. మొత్తం జాతుల్లో ఇలా దూకి వేటాడే అలవాటు దీనికీ దీనికి దగ్గరి బంధువైన పెరూ గూడబాతుకూ మాత్రమే ఉంది.

జవాబు: కొలనుగట్టు

గాలివాటు గారితో నాకు ఏకీభావం లేదు. దూకుడు ఒక క్షణంలో ముగిసిపోతుంది. గుంపు వేట అరగంట సాగినా విసుగు పుట్టదు. నిజానికి దగ్గరలో ఏ జాతి ఉంటే దానితో మొదలుపెట్టడమే మంచిది. దక్షిణ భారతంలో అయితే నేలపట్టు, వేడంతాంగల్, కొక్కరె బెళ్లూరు మచ్చల ముక్కు గూడబాతులకు పేరు పొందిన చోట్లు. రుమేనియాలోని డాన్యూబ్ డెల్టాలో పెద్ద తెల్ల గూడబాతులు, డాల్మేషియన్ గూడబాతులు రెండూ గూళ్లు కడతాయి.

చేపలు విసిరే పడవల గురించి: గ్రీసులోని కెర్కినీ సరస్సు ఇందుకు ప్రసిద్ధి. చలికాలం చివర అక్కడ డాల్మేషియన్ గూడబాతుల ఎర్రని సంచిని, మెడ వెనక ఉంగరాలు తిరిగిన ఈకలను చేయి చాచేంత దగ్గర నుండి చూడవచ్చు, ఛాయాచిత్రాలు తీసేవారికి అది స్వర్గమే. అయితే అక్కడ మీరు చూసేది పడవ చుట్టూ జరిగే తోపులాట. చేపను తరమడం, బారు తీరడం, నీరు వార్చి మింగడం వంటివి మనుషుల ప్రమేయం లేని చోటే తీరికగా సాగుతాయి. రెండిటిలో ఒకటే ఎంచుకోమంటే నేను గట్టునే ఎంచుకుంటాను. పక్షులు మనుషులకు మరీ దగ్గరగా రావడంలో వ్యాధుల సమస్య కూడా ఉంది. 2022లో గ్రీసులోని ప్రెస్పా సరస్సు వద్ద పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) సోకి వెయ్యికి పైగా డాల్మేషియన్ గూడబాతులు చనిపోయాయి. ఎక్కడైనా నీరసించిన పక్షులో చనిపోయిన పక్షులో కనిపిస్తే తాకకుండా, అటవీశాఖకు కబురు చేయండి.

జవాబు: బైనాక్యులర్ బాబాయి

సరంజామా ఎక్కువ అవసరం లేదు. 8 రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్ సరిపోతుంది. గూళ్లను దూరం నుండి చూడాలనుకుంటే ముక్కాలి పీట మీద నిలిపే స్పాటింగ్ స్కోప్ ఉపయోగపడుతుంది. కూర్చునే చోటు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. వెళ్లగానే గాలి ఎటు నుండి వీస్తోందో చూసుకోండి. ఈ పక్షులు ఎదురుగాలికే లేస్తాయి, ఎదురుగాలికే దిగుతాయి కనుక గాలి మీ వీపు వైపు నుండి వీస్తుంటే, దిగే పక్షులు మీకు ఎదురుగా వస్తాయి. రెక్కలు పూర్తిగా విప్పి, పాదాలు రెండూ ముందుకు చాచి, నీటి మీద కొంతదూరం జారి ఆగడం అప్పుడు సూటిగా కనిపిస్తుంది. సూర్యుడు కూడా వెనకే ఉంటే మరీ మంచిది, కానీ రెండూ ఒకేసారి కుదరకపోతే నేను గాలికే ప్రాధాన్యం ఇస్తాను.